కాంటా మీద వేలు

ఈ నెల మొదటి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నా ఫోను మోగింది. తెర మీద ఒక గంట బొమ్మ, దాని కింద రెండు వాక్యాలు: "జ్ఞాపకశక్తి పరీక్షకు సమయం అయింది. మొదలుపెడదామా?" పరీక్షకు కూర్చోవలసిన మనిషి పోయి నలభై రోజులు దాటింది. ఆ సంగతి ఫోనుకు ఎవరూ చెప్పలేదు. ఆ పిలుపు రాకుండా చేయడానికి రెండు నొక్కులు చాలు. నేను నొక్కలేదు. ఫోను బల్ల మీద బోర్లించి, ఆయన గురించి రాద్దామని కూర్చున్నాను.

ఆయన్ని మా వీధిలో అందరూ కాక అనేవాళ్లు. మహబూబాబాద్‌లో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే ఉంది. ఆయన మార్కెట్ యార్డులో దడవాయి. రైతు తెచ్చిన సరుకును కాంటా మీద తూచి, తూకం ఎంతో పైకి పలికే మనిషిని మా వైపు దడవాయి అంటారు. నేను గ్రంథాలయంలో పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యాను. ఆయనకు చదువు రాదు, అంకెలు వచ్చు. నాకు అంకెలంటే మొదటినుంచీ బెరుకు. పాతికేళ్లు ఆ గోడకు చెరోవైపు నిలబడి మాట్లాడుకున్నాం.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువు ఇచ్చినా ముందు ఎడమ అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించేవాడు. తర్వాత దాని బరువు చెప్పేవాడు. పుచ్చకాయ, చెప్పుల జత, నీళ్ల చెంబు, ఏదైనా సరే. వీధిలో కాన్పయి వచ్చిన ప్రతి తల్లీ బిడ్డను తెచ్చి ఆయన చేతిలో పెట్టేది. ఆయన చెప్పిన బరువునూ దవాఖాన చీటీ మీది బరువునూ పక్కపక్కన పెట్టి చూసుకుని నవ్వుకునేవాళ్లు. ఒకసారి నేను కొత్తగా కొన్న లావుపాటి పుస్తకం చూపించాను. అరచేతిలో ఆడించాడు.

"ముప్పావు కిలో. ఇందుల గింజ ఎంత సారూ, పొట్టు ఎంత?"

ఇంకా చదవలేదన్నాను.

"సదివినంక చెరిగి చెప్పు" అని తిరిగి ఇచ్చేశాడు. చదివాక చూస్తే గింజ తక్కువే ఉంది. ఆయన మళ్లీ అడగలేదు. ఏ పుస్తకం చదువుతున్నా ఆ ప్రశ్న మాత్రం నా పక్కనే కూర్చుంటోంది.

రెండో అలవాటు మాటలో ఉండేది. వీధిలో ఎవరికి సంబంధం కుదిరినా, పేపర్లో ఏ వార్త వచ్చినా, నేను ఎవరినైనా మెచ్చుకున్నా ఆయన అడిగేది ఒకటే. "ఖాళీ కాంటా చూసినవా?" సరుకు పెట్టకముందు కాంటా సున్నా దగ్గర నిలబడుతుందో లేదో చూడాలి. అది చూడకుండా తూచిన తూకం తూకం కాదు. యార్డు పని ఆయనకు నేర్పిన మొదటి సంగతి అదే. అదొక్కటీ వస్తే మిగతావి వాటంతటవే వస్తాయని ఆయన నమ్మకం.

మూడో అలవాటు లెక్కపెట్టడంలో ఉండేది. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటితో మొదలుపెట్టరు. మొదటి కొలతను "లాభం" అంటారు. తర్వాత రెండు, మూడు. కళ్లంలో అందరూ అలాగే అంటారు, కళ్లం దాటాక మరిచిపోతారు. ఆయన మరిచిపోయేవాడు కాదు. మెట్లెక్కుతూ లాభం, రెండు, మూడు. మాత్రలు వేసుకుంటూ లాభం, రెండు. "ఎన్ని రొట్టెలెయ్యాలె మామా?" అని కోడలు వంటింట్లోంచి అడిగితే "లాభం చాలు" అనేవాడు. కొత్తలో ఆమెకు అర్థం కాక రెండు వేసేదట. ఆయన నోటివెంట లెక్కలో "ఒకటి" అనే మాట నేను పాతికేళ్లలో వినలేదు.

బస్తాలు ఎత్తే శక్తి తగ్గాక దడవాయి పని మానేశాడు. అయినా యార్డుకు పోవడం మానలేదు. పొద్దున్నే గుడ్డసంచిలో ఐదు కిలోల ఇనుప బాటు, అంటే తూకపు రాయి, ఒకటి వేసుకుని బయలుదేరేవాడు. గేటు పక్క చాయ్ బండి దగ్గర ఒక స్టూలు మీద కూర్చునేవాడు. తూకం మీద అనుమానం ఉన్న రైతు వచ్చి, "కాకా, జర నిలవడు" అనేవాడు. ఈయన లేచి వెళ్లి ఖాళీ కాంటా చూసేవాడు. సంచిలోంచి బాటు తీసి పెట్టి చూసేవాడు. తర్వాత రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి, బస్తాలు ఎక్కిన కొద్దీ తూకం పైకి పలికేవాడు. అంతే పని. చేతులు వెనక్కి ఎందుకని ఒకసారి అడిగాను.

"కాంటా మీద ఎవ్వని వేలున్నదో ఎవ్వనికీ అనుమానం రావద్దు. నాదైతె ముందే కనపడాలె, ఎనక ఉన్నదని."

కూరగాయల బండి దగ్గర కూడా అలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. బండివాడు నవ్వేవాడు. ఈయనకు నవ్వు వచ్చేది కాదు.

డెబ్బై అయిదు దాటాక కొన్ని చిన్నవి జారడం మొదలైంది. చాయ్ బండి దగ్గర చెప్పులు వదిలేసి వట్టి కాళ్లతో ఇల్లు చేరాడు. మందుల షాపుకని పోయి ఎందుకు వచ్చాడో అక్కడివాళ్లనే అడిగాడు. వయసన్నాను నేను. వయసేనంది కోడలు. కొడుకు భూపాలపల్లిలో బొగ్గుబావి పనిలో ఉంటాడు, వారానికోసారి వస్తాడు. అతనూ వయసే అన్నాడు.

ఆ రోజుల్లోనే మా వీధి ఆశా కార్యకర్త ఫోను పట్టుకుని వచ్చింది. నేను గోడ దగ్గరే ఉన్నాను.

"తాతా, అరవై దాటినోళ్లందరికి ఫోన్ల పరీక్ష చెయ్యాలె. ఇంట్లనే. పావుగంట."

"ఏం పరీక్ష బిడ్డా?"

"యాదిమరుపు ఉన్నదా లేదా అని."

వంటింట్లోంచి కోడలు గొంతు వచ్చింది. "మా మామకు యాదిమరుపేందక్కా? యార్డు తూకాలన్ని ఆయన నోట్లెనే ఉన్నయ్. ఇంకో ఇల్లు చూసుకో."

"నువ్వాగు" అన్నాడు కాక. ఆశా వైపు తిరిగాడు. "ఖాళీ కాంటా చూసినవా?"

"ఏ కాంటా తాతా?"

"నీ ఫోను. అది సక్కగ చూపెడ్తదో లేదో ఎట్ల ఎరుక? ముందుగాల నువ్వు కూసో. నేను పట్టుకుంట."

ఆమె నవ్వుతూ అరుగు మీద కూర్చుంది. ఫోను ఐదు మాటలు చెప్పింది. కొన్ని బొమ్మలు చూపించి పేర్లు అడిగింది, తేదీ అడిగింది, గడియారం గీయమంది, ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంది. అన్నీ అయ్యాక మొదట చెప్పిన ఐదు మాటలూ మళ్లీ చెప్పమంది. ఆమెకు నాలుగే వచ్చాయి. చేప అన్న మాట జారిపోయింది.

"ఏండ్లెన్ని బిడ్డా నీకు?"

"ముప్పై ఆరు."

"ముప్పై ఆరేండ్లదానికే చేప జారింది. నాకు రెండు జారితె పరేషాన్ గావద్దు. ఇగ పళ్లాలు మార్చు."

పాత కాంటాలకు రెండు పళ్లాలు ఉండేవి. అనుమానం వస్తే సరుకు పళ్లెంలో రాళ్లూ, రాళ్ల పళ్లెంలో సరుకూ పెట్టి చూసేవాళ్లు. రెండుసార్లూ తూకం ఒకటే వస్తే కాంటా మంచిది. అలా ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. ఈసారి ఫోను వేరే ఐదు మాటలు చెప్పింది.

తేదీ అడిగినప్పుడు కాక కొంచెం ఆగాడు. వెంటనే తలుపు చాటునుంచి కోడలు తేదీ చెప్పేసింది. మళ్లీ ఒక బొమ్మ దగ్గర ఆగాడు. కోడలు "ఖడ్గమృగం మామా" అంది. మా ఇళ్లలో పెద్దవాళ్లను పరాయివాళ్ల ముందు సమాధానం వెతుక్కోనివ్వరు. చిన్నవాళ్లు అందిస్తారు. అది మర్యాద. అందించకపోతేనే తప్పు. ఆశా ఫోను ఆపి తల కొట్టుకుంది.

"అక్కా, నువ్వు చెప్తె మార్కులు నీకే పడ్తయ్. ఏ ఇంటికి పోయినా గిదే కత. ముసలోళ్లను అడిగితె కోడండ్లు చెప్తరు, బిడ్డలు చెప్తరు. మా లిస్టుల యాదిమరుపు ఉన్నోళ్లే లేరు!"

కాక పెద్దగా నవ్వాడు. తర్వాత కోడలి వైపు చూసి నెమ్మదిగానే అన్నాడు. "బిడ్డా, కాంటా మీదికెల్లి వేలు తియ్. పోయి చాయ్ పెట్టు."

ఆమె మూతి ముడుచుకుని లోపలికి వెళ్లింది. పరీక్ష మళ్లీ మొదటినుంచి జరిగింది. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టడం దగ్గర ఆయన గొంతు యార్డు గొంతయింది. పద్దెనిమిది, పదిహేడు అని సాగదీసి పలుకుతూ దిగి వచ్చాడు. ఒక్కో అంకె సరిగ్గా పలికినప్పుడల్లా తెర మీద ఒక్కో గడి పచ్చబడుతోంది. మూడు, రెండు, లాభం. చివరి గడి ఎర్రబడింది.

"ఒకటి అను తాతా. దానికి గట్ల తెల్వది."

"నేను గట్ల అనను బిడ్డా."

నాకు కోపం వచ్చింది. మన లెక్క తెలియని యంత్రం మన మనిషికి తప్పు ఎలా వేస్తుందన్నాను. అది తయారుచేసినవాళ్లకు ఉత్తరం రాస్తానన్నాను. కాక చెయ్యి అడ్డం ఊపాడు.

"రాయకు సారూ. పావు కిలో తేడా ఉన్న కాంటా గుడ పనికొస్తది. రోజూ గదే పావు కిలో తేడా చూపెడితె చాలు. ఇయ్యాల పావు, రేపు అద్ద కిలో చూపెడితెనే అది చెడ్డది. గీ ఎర్ర గడి నాది. వచ్చే నెల గుడ గిదే ఎర్రగ రావాలె."

నేను చదివిన పుస్తకాల్లో కొలత గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఫలితం బాగానే ఉందంది ఆశా. ఇది రోగం పేరు చెప్పేది కాదనీ, దవాఖానకు పోవాలో వద్దో మాత్రమే చెబుతుందనీ వివరించింది. ఆరు నెలలకోసారి చేస్తే చాలంది. కాక నెలనెలా చేస్తానన్నాడు. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందుకని పరీక్షను నా ఫోనులో వేయించుకున్నాం. యార్డుకు సెలవు గనక ఆదివారం ఎంచుకున్నాం.

ఆమె వెళ్లాక గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తనకు పని నేర్పిన దడవాయి గురించి చెప్పాడు. ఆ పెద్దాయనకు ముసలితనంలో తూకాలు తప్పడం మొదలైందట. ఒక సీజనంతా తప్పు పలికాడట. గౌరవం కొద్దీ ఎవరూ ఎదురుగా చెప్పలేదు. హమాలీలు పక్కకు వెళ్లి సరిచేసుకునేవాళ్లు. సరిచేసుకోవడం తెలియని రైతులు ఆ తప్పుతోనే ఇంటికి పోయారు.

"ఆయన ముందట ఎవ్వడనలే. ఆయన పోయినంక అందరన్నరు. ముప్పై ఏండ్లు సక్కగ పలికిన నోరు. ఆ సీజన్ తోటే యాది చేస్తరు. నాకు గట్ల గావద్దు సారూ. నేను తప్పు పలుకకముందే నాకు ఎరుక గావాలె. మీరు చెప్పరు. నాకు తెల్సు మీరు చెప్పరు. గందుకే ఫోను."

అప్పటినుంచి నెలకో ఆదివారం ఆ పని జరిగేది. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చునేవాడు. నేను గోడ దాటి వెళ్లి ఫోను పట్టుకునేవాణ్ని. ప్రతిసారీ చివరి గడి ఎర్రబడేది. అది చూసి తృప్తిగా తల ఊపేవాడు. ఫోనులో మాట్లాడే ఆడగొంతు చాలా మర్యాదగా ఉంటుంది. "బాగా చేశారు" అంటే, "నీ దయ బిడ్డా" అనేవాడు.

ఎనిమిదో నెలలోనో తొమ్మిదో నెలలోనో నేను ఒక తప్పు చేశాను. ఐదు మాటల్లో నాలుగు చెప్పి ఆగిపోయాడు. ఐదోది తాళం. ఆయన ముఖం చూడలేకపోయాను. నా చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి వెళ్లి తాళపుచెవుల గుత్తిని కదిలించింది. చప్పుడైంది. "తాళం" అన్నాడు కాక. గడి పచ్చబడింది. ఆయన నా వైపు చూశాడు. పరీక్ష పూర్తి చేశాడు.

"సారూ, ఆ తాళపుచెవులు ఇటియ్యి."

ఇచ్చాను. ఎడమ అరచేతిలో ఆడించాడు.

"ఎనభై గ్రాములు. ఎనభై గ్రాములు నా దిక్కు మొగ్గు పెట్టినవ్. రైతు సరుకు తూచేకాడ గిట్ల చేస్తె నేను నిన్ను యార్డుల అడుగు పెట్టనియ్య."

వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాతి నెల నన్ను వీపు తిప్పి కూర్చోమన్నాడు. ఫోను అరుగు మీద పెట్టి, నేను రోడ్డు చూస్తూ, ఆయన ఫోను చూస్తూ, అలా జరిగింది పరీక్ష. దారిన పోయేవాళ్లు మేం పోట్లాడుకున్నామనుకున్నారు.

పద్నాలుగో నెలలో అసలు సంగతి జరిగింది. మిర్చి సీజను, వీధి వీధంతా దగ్గుతోంది. నేను రోడ్డు వైపు తిరిగి ఉన్నాను. వెనకనుంచి ఆయన అంకెలు దిగి వస్తున్నాయి. నాలుగు, మూడు, రెండు, ఒకటి.

ఫోను "చాలా బాగా చేశారు" అంది. గడప మీద కూర్చున్న కోడలు లేచి వచ్చి చూసింది. "చూసినవా మామా! ఈసారి అన్ని పచ్చగనే. మస్తు మార్కులొచ్చినయ్!"

నేనూ తిరిగి చూశాను. నిజమే. పద్నాలుగు నెలల్లో అదే అన్నిటికంటే మంచి ఫలితం. పోనీలే, ముసలాయన చివరికి ఫోను మాట విన్నాడు అనుకున్నాను. నవ్వొచ్చింది కూడా.

కాక నవ్వలేదు. "నేనేమన్న?" అని అడిగాడు.

ఒకటి అన్నావని చెప్పాను.

"సక్కగ విన్నవా?"

"విన్నాను కాకా. కావాలనే అన్నవనుకున్న."

"కావాలని అంటె నాకు యాదుండదా?"

మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ ఇరవై నుంచి దిగాడు. ఈసారి చివర్న లాభమే వచ్చింది. గడి ఎర్రబడింది. కోడలు గుండె మీద చెయ్యి వేసుకుంది. "గదిగో వచ్చింది గద మామా. ఊకెనే పరేషాన్ అయితవ్."

"రెండుసార్లు పెట్టింది గదే బాటు" అన్నాడు కాక. "రెండు తీర్లు పలికింది. గసువంటి కాంటాను ఏం చేస్తరు బిడ్డా? పక్కకు పెడ్తరు."

"ఫోనే మంచిగున్నది అంటున్నది గద!"

"ఫోనుకు లాభం తెల్వది. నాకు తెల్సు."

ఆమెకు ఏడుపు వచ్చింది. ఆయన మాత్రం గట్టిగానే ఉన్నాడు. చాలాకాలంగా ఎదురుచూస్తున్న చీటీ చేతికి వచ్చినట్టు ఉన్నాడు. "రేపు నువ్వు గుడ యార్డుకు రా సారూ" అన్నాడు. "నేను మాట తప్పితె యాది చెయ్యనీకి."

సోమవారం వెళ్లాను. మరిపెడ వైపు తండా నుంచి మిర్చి తెచ్చిన ఒక నడివయసు ఆడమనిషి ఆయన స్టూలు దగ్గరికి వచ్చింది. ఫోనులో పెనిమిటితో వాళ్ల భాషలో మాట్లాడుతూ వచ్చి, అది ఆపి, "బాపూ, జర నిలవడు" అంది.

"నేను నిలవడ బిడ్డా. ఇయ్యాల్టికెల్లి నిలవడ."

"ఏంది బాపూ, మా మీద కోపమొచ్చిందా?"

"కోపం గాదు. నా ముల్లు కదుల్తున్నది."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. తనకు యాదిమరుపు మొదలైందనీ, ఇవాళ కాకపోతే రేపు తూకం తప్పు పలుకుతాననీ, ఆ తప్పు ఆమె సరుకు మీద పడకూడదనీ చెప్పాడు. చుట్టూ హమాలీలు ఉన్నారు. అందరూ వింటున్నారు. గొంతు తగ్గించలేదు. తూకం పలికినట్టే పలికాడు. తర్వాత సంచిలోంచి బాటు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"గిది ఐదు కిలోలు. సర్కారు ముద్ర ఉన్నది, చూసుకో. ముందుగాల ఖాళీ కాంటా చూడు. ఎనక గిది పెట్టి చూడు. అటెన్క నీ బస్తా. అందరిని చేతులు ఎనక్కి పెట్టుకొమ్మను."

"నాకు సదువు రాదు బాపూ."

"నాకొచ్చిందా?"

ఆమె వెళ్లింది. బాటు పెట్టి చూసింది. ఒక హమాలీ నవ్వుతూ, "ఇయ్యాల అక్క దడవాయి అయ్యిందిరో!" అన్నాడు. "ఔ, ఎక్కు, నిన్ను గుడ తూస్త. తిండికి తగ్గ పని చేస్తున్నవో లేదో చూస్త" అంది ఆమె. అందరూ నవ్వారు. కాక దూరంగా చాయ్ బండి దగ్గరే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. ఆమె తూకం పైకి పలికినప్పుడు ఆయన పెదాలు కదిలాయి. బయటికి మాత్రం ఏమీ అనలేదు.

ఆ వారం కొడుకు వచ్చాడు. "ఫోను మంచిగుందంటె దవాఖాన దేనికి బాపూ?" అన్నాడు. అయినా తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ పద్నాలుగు నెలల ఫలితాలూ నా ఫోనులో చూసింది. ఈ నెలవి ఇంత బాగుంటే ఎందుకు వచ్చారని అడిగింది. కాక లాభం సంగతి చెప్పాడు. ఆమె పెన్ను కింద పెట్టి పూర్తిగా వింది. తర్వాత వరంగల్‌కు రాసి పంపింది. అక్కడ తల ఫోటోలు తీశారు, రక్తం చూశారు, చాలాసేపు మాట్లాడించారు. మొదలైందన్నారు. ఇంత తొందరగా ఎవరూ రారన్నారు. మందులు ఇచ్చారు. అవి జబ్బును తీసేయవని దాచకుండా చెప్పారు.

తొందరగా తెలిసినందువల్ల ఏం ఒరిగిందని కొడుకు ఒకసారి నన్ను అడిగాడు. నా దగ్గర సమాధానం ఉంది. ఆ తర్వాత ఏడాదిపాటు కాక యార్డుకు పోతూనే ఉన్నాడు. తూకం పలకలేదు. తండాల నుంచి వచ్చే ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఖాళీ కాంటా చూడడం నేర్పాడు. ఆ బాటు ఇప్పుడు చాయ్ బండి కింద ఉంటుంది. కావలసినవాళ్లు తీసుకుని, చూసుకుని, మళ్లీ అక్కడే పెడతారు. ఆయన పలికిన ఆఖరి తూకం సరైన తూకం. ఆయన పోయాక యార్డులో ఆయన గురించి మాట్లాడినవాళ్లెవరూ ఎదురుగా చెప్పలేని మాటను వెనక చెప్పలేదు. చెప్పవలసినదాన్ని ఆయనే అందరి ముందూ చెప్పేశాడు గనక.

తర్వాత తగ్గుదల వచ్చింది. దాన్ని నేను పొడిగించి రాయను. నా పేరు పోయింది. "పుస్తకాలాయన" అని పిలిచేవాడు. పరీక్షలో ఎర్ర గడులు ఎక్కువయ్యాయి. అయినా ఆదివారం ఫోను మోగితే ఆయనకు హుషారే. ఆ ఆడగొంతు "మొదలుపెడదామా?" అంటే, ఫోను నోటి దగ్గరికి తీసుకుని, "ఖాళీ కాంటా చూసినవా?" అని అడిగేవాడు. జవాబు వచ్చేదాకా ఆగేవాడు. ఆషాఢంలో నాలుగు రోజులు జ్వరం వచ్చి పోయాడు.

ఇక్కడిదాకా రాసేసరికి ఫోను మళ్లీ మోగింది. పొద్దున చేయని పరీక్షను మధ్యాహ్నం అది ఇంకోసారి గుర్తు చేస్తుంది. గోడ అవతల బట్టలు ఆరేస్తున్న కోడలు ఆగింది.

"అన్నా, గది ఇంక మోగుతనే ఉన్నదా?"

ఔనన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. కాసేపు ఫోను వైపు చూసింది.

"నీకు అరవై నిండినయ్ గద?"

"నిండినయి."

"ఇగ నువ్వు కూసో. పళ్లాలు మార్చుదం."

కుర్చీ గోడ దగ్గరికి లాక్కున్నాను. ఆమె అటువైపు నిలబడి ఫోను పట్టుకుంది. ఫోను ఐదు మాటలు చెప్పింది. బొమ్మల పేర్లు చెప్పాను. తేదీ చెప్పాను. గడియారం గీశాను, ముళ్లు కొంచెం వంకరగా వచ్చాయి. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంది. ఐదు దగ్గరికి వచ్చేసరికి, చివర్న లాభం అందామా అనిపించింది. అంటే కోడలు కళ్లు తుడుచుకునేది. కానీ అది నా నోటి మాట కాదు. ఆయనదాన్ని తెచ్చి నా లెక్కలో పెడితే కాంటా మీద వేలు పెట్టినట్టే. ఒకటి అన్నాను. గడి పచ్చబడింది.

మొదట చెప్పిన ఐదు మాటలూ మళ్లీ చెప్పమంది ఫోను. బావి అన్నాను. గొడుగు. దువ్వెన. ఆగి, గుమ్మడికాయ. ఐదోది రాలేదు. వీధిలో ఆటో ఒకటి పోయింది. తలుపు చప్పుడైంది. రాలేదు. ఆమె వైపు చూశాను. ఆమెకు తెలుసు. మాట పెదాల దాకా వచ్చి ఉంది.

ఆమె నోరు మూసుకుంది. ఫోను గోడ మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.